కాలేయం గుట్టు విప్పిన క్లాడ్ బెర్నార్డ్

ఒక్కపొద్దు ఉన్న రోజున పొద్దుటినుంచీ ఏమీ తినకపోయినా మన పనులన్నీ చేసుకుంటూనే ఉంటాం. కళ్ళు తిరిగి పడిపోం. ఎందుకని? రక్తంలో చక్కెర మరీ తగ్గిపోకుండా కాలేయం కనిపెట్టుకుని ఉంటుంది కనక. ఈ సంగతి బయటపెట్టినాయన ఫ్రాన్సు దేశస్థుడు క్లాడ్ బెర్నార్డ్.

1813లో సేంట్ జూలియన్ అనే పల్లెలో, ద్రాక్షతోటల మీద బతికే ఇంట్లో పుట్టాడాయన. లియాన్‌లో ఒక మందుల కొట్లో పనికి కుదిరాడు గాని మనసంతా నాటకాల మీదే! తను రాసిన నాటకం పట్టుకుని పారిస్ వెళితే, అక్కడి విమర్శకుడొకాయన చదివి, వైద్యం నేర్చుకోవయ్యా అని సలహా ఇచ్చాడట. వైద్య విద్యలోనూ అంతంత మాత్రమే. మజాండీ అనే ప్రొఫెసరు దగ్గర చేరాకే ఆయన చేతి నేర్పు బయటపడింది.

నేర్పుంటే సరా, డబ్బేదీ? 1845లో ఒక వైద్యుడి కూతురు ఫానీ మార్టిన్‌ను పెళ్ళాడాడు. ఆమె తెచ్చిన కట్నమే ప్రయోగాలకు ఆధారమైంది. (కట్నాలు మన దగ్గరే అనుకుంటాం!)

చక్కెరను మొక్కలే తయారుచేస్తాయనీ, జంతువులు దాన్ని ఖర్చుపెట్టడమేననీ ఆ రోజుల్లో నమ్మేవారు. బెర్నార్డ్ కుక్కలకు ఒట్టి మాంసమే పెట్టి చూశాడు. అయినా కాలేయం నుంచి వచ్చే రక్తంలో చక్కెర ఉంది! 1855లో ఇంకో పని చేశాడు. కాలేయంలోకి నీళ్ళు పంపి చక్కెర ఆనవాలే లేకుండా కడిగేశాడు. మర్నాడు చూస్తే మళ్ళీ చక్కెర. అంటే లోపల ఏదో సరుకు దాచి ఉందన్నమాట. 1857లో దాన్ని విడదీసి గ్లైకోజెన్ అన్నాడు. తిన్నప్పుడు మిగిలింది దాచి, లేనప్పుడు కొంచెం కొంచెం తీసి ఇస్తుంది కాలేయం, ఇల్లాలి బియ్యం డబ్బాలాగా.

బయట ఎండ కాసినా మంచు కురిసినా, ఒంట్లో కణాల చుట్టూ ఉండే ద్రవాలు ఒకే తీరుగా నిలకడగా ఉండాలని, బతుకంతా దానిమీదే ఆధారపడి ఉందని ఆయన తేల్చాడు. దీనికే 1926లో అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కేనన్ హోమియోస్టాసిస్ అని పేరు పెట్టాడు.

మరి ఇంట్లో నిలకడ? బతికున్న కుక్కల్ని కోయడం ఫానీ సహించలేకపోయింది. కూతుళ్ళిద్దరూ తల్లి పక్షమే. ఆయన జీవితం రాసినవాళ్ళలో చాలామంది ఆమెను గయ్యాళి కింద కట్టేశారు. అదేం న్యాయమండీ? డబ్బు ఆమె పుట్టింటిది, ఆ మూగజీవాల బాధా నిజమే. అలాగని ఆయన కనిపెట్టింది లేకపోతే చక్కెర వ్యాధి గురించి మనకీపాటి తెలిసేదీ కాదు. 1870 నాటికి ఇద్దరూ చట్టప్రకారం విడిపోయారు.

1878 ఫిబ్రవరి 10న బెర్నార్డ్ పారిస్‌లో కన్నుమూశాడు. ప్రభుత్వమే లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది. ఫ్రాన్సులో ఒక శాస్త్రజ్ఞుడికి అంతటి మర్యాద దక్కడం అదే మొదలు.