ఒక్కొక్కరే మాట్లాడండి!

కిందటి నెల మా మహిళా సంఘం సమావేశంలో ఒకటే లొల్లి. విషయం కట్నానిది. పెళ్లయి ఏడాది తిరక్కుండానే, మిగిలిన డబ్బు తెమ్మని ఓ పిల్లను పుట్టింటికి పంపేశారు. ఆ గోడు చెప్పుకోవడానికి వచ్చిన తల్లి ఓ మూలన కూర్చుని ఉంది. మేమంతా ఆమె తరఫున మాట్లాడేవాళ్లమే గానీ, ఆమెను నోరు తెరవనిచ్చినవాళ్లు లేరు. చివరికి మా అధ్యక్షురాలు స్టీలు గ్లాసును బల్లమీద టకటకా కొట్టి, ఇక ఒక్కొక్కరే మాట్లాడాలని, ముందు ఆ తల్లే చెప్పాలని గట్టిగా అనేసరికి గది సద్దుమణిగింది.

ఇంటికొస్తుంటే నాకు మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గుర్తుకొచ్చారు. సభను అదుపులో పెట్టే కుర్చీ మా వైపు వాళ్లకు కొత్తేం కాదు. కాగజ్‌నగర్‌కు దగ్గర్లోని వాంకిడిలో పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీ 1957 నుంచి 1960 దాకా ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకర్‌గా ఉన్నారు. అయినా ఆ రోజు అయ్యంగారే మనసులో మెదలడానికి కారణం ఉంది. కట్నం మీద దేశమంతటికీ చట్టం చేసిన సభను నడిపింది ఆయనే.

అలమేలుమంగమ్మ కొలువున్న తిరుచానూరులో 1891 ఫిబ్రవరి 4న ఆయన పుట్టారు. తిరుపతిలో, మద్రాసులో చదువుకుని, కొన్నాళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసి, తర్వాత వకీలయ్యారు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకూ వెళ్లొచ్చారు. 1952లో తొలి లోక్‌సభకు డిప్యూటీ స్పీకరయ్యారు. 1956 ఫిబ్రవరిలో మొదటి స్పీకర్ మవలంకర్ పదవిలో ఉండగానే కన్నుమూయడంతో, మార్చి 8న ఆ కుర్చీ ఈయనది అయింది. 1962 దాకా అందులోనే ఉన్నారు.

పేరుకే స్పీకర్ గానీ, సభలో అందరికన్నా తక్కువ మాట్లాడాల్సింది ఆయనే. సభ్యులు ఒకరినొకరు ఉద్దేశించి కాక స్పీకర్‌ను ఉద్దేశించే మాట్లాడాలి. ఆయన లేచి నిలబడితే ఎంతటివాళ్లయినా కూర్చోవాల్సిందే. హద్దు దాటిన మాటను రికార్డుల్లోంచి తీయించే అధికారం ఆయనది. ఇన్ని అధికారాలున్నా మామూలుగా ఆయనకు ఓటు లేదు. రెండు పక్షాలకూ ఓట్లు సమానంగా వస్తేనే తన ఓటు వేయాలి.

అయ్యంగార్ కాంగ్రెస్ మనిషే. అయినా 1957 డిసెంబరులో ముంధ్రా కంపెనీల్లో ఎల్ఐసీ పెట్టిన డబ్బు గురించి ఫిరోజ్ గాంధీ సొంత ప్రభుత్వాన్నే నిలదీసింది ఆయన స్పీకర్‌గా ఉన్న సభలోనే. చివరికి 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది. 1961లో ప్రతిపక్ష సభ్యుడు కృపలానీని కించపరుస్తూ రాసినందుకు బ్లిట్జ్ పత్రిక సంపాదకుడు కరంజియాను సభ ముందు నిలబెట్టి మందలించిందీ అయ్యంగార్ హయాంలోనే.

ఇక మన ఆడవాళ్ల సంగతికి వస్తాను. వరకట్న నిషేధ బిల్లు మీద లోక్‌సభకూ రాజ్యసభకూ పొత్తు కుదరలేదు. పెళ్లిలో పెట్టే కానుకలను కట్నం లెక్కలో వేయాలా వద్దా లాంటి విషయాల దగ్గర పేచీ వచ్చింది. రాజ్యాంగం ప్రకారం అలాంటప్పుడు రెండు సభలూ ఒకచోట కూర్చోవాలి. అలా మన దేశంలో మొట్టమొదటి ఉమ్మడి సమావేశం 1961 మే 6, 9 తేదీల్లో జరిగింది. అదీ కట్నం కోసమే! ఏడు వందల మందికి పైగా సభ్యులున్న రెండు సభలనూ కలిపి నడిపే బాధ్యత స్పీకర్‌గా అయ్యంగార్ మీద పడింది. బిల్లు నెగ్గింది. ఆ ఏడాది జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. 1958లో ఆంధ్రప్రదేశ్ చేసుకున్న సొంత వరకట్న నిషేధ చట్టం దానితో రద్దయింది.

చెప్పొద్దూ, ఆ చట్టం చదివితే నాకు దిగులే వేసింది. ఆరు నెలల వరకు జైలు, అయిదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. అంతే! పెళ్లినాటి కానుకలు, పెళ్లికి బదులుగా ఇచ్చినవని తేలితే తప్ప, కట్నం కిందికే రావన్నారు. ఆ సందులోంచి ఎన్ని బళ్ల సామాను వెళ్లిపోయిందో! 1984, 1986 సవరణలతో గానీ చట్టానికి కాస్త కోరలు రాలేదు. సభ ఏం తేలుస్తుందో అది స్పీకర్ చేతిలో ఉండదు. అందరి మాటా వినిపించేలా చూడటమే ఆయన పని. కట్నం అడగడం నేరమన్న మాట మాత్రం అప్పుడే దేశమంతటా చట్టంలోకి ఎక్కింది.

ఆ తర్వాత అయ్యంగార్ 1967 దాకా బీహార్ గవర్నర్‌గా ఉన్నారు. 1978 మార్చి 19న కన్నుమూశారు.

మళ్లీ మా సమావేశం దగ్గరికి వస్తాను. వంతు ఇచ్చాక ఆ తల్లి పది నిమిషాలు మాట్లాడింది. ఎంత డబ్బు తేవాలో అల్లుడే రాసి పంపిన మెసేజీలు ఆమె ఫోన్‌లో ఉన్నాయట. అంతసేపు అరిచిన మాలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. ఆ ఫోన్ పట్టుకుని వచ్చే సోమవారం ఆమె పోలీస్ స్టేషన్‌కు వెళ్తోంది. తోడుగా మేం నలుగురం వెళ్తున్నాం. అక్కడ మాట్లాడేది ఆమే. మేం పక్కన కూర్చుంటాం.