జి.డి. నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) ప్రముఖ ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. ఈయన తమిళనాడులోని కోయంబత్తూరు సమీపాన కలంగల్ గ్రామంలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించాడు. బడి చదువు ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయింది.

యువకుడిగా ఉన్నపుడు ఒక ఆంగ్లేయ అధికారి నడిపే రడ్జ్ మోటారు సైకిలు ఈయనను ఆకర్షించింది. దానిని కొనడానికి హోటల్లో సర్వరుగా చేరి జీతం డబ్బు కూడబెట్టాడు. కొన్న తరువాత బండిని పూర్తిగా విప్పి, మళ్ళీ బిగించి, దాని పనితీరు తెలుసుకున్నాడు. తిరిగి బిగించలేకపోతే దాచిన సొమ్మంతా వృథా అయ్యేది కనుక ఇది సాహసమే. ఆ కాలపు మోటారు సైకిళ్ళలో చాలావాటికి ఇంజను ఆయిలు ఇప్పటిలాగా మళ్ళీ మళ్ళీ ప్రసరించేది కాదు, ఎప్పటికప్పుడు ఖర్చయిపోయేది. నడిపేవాడే దారి మధ్యలో చేతిపంపుతో కొత్త ఆయిలు ఎక్కించవలసి వచ్చేది. అందువలన బండి యజమాని ఎంతో కొంత మెకానిక్కు కాక తప్పేది కాదు. నాయుడు ఆ పనినే వృత్తిగా చేపట్టాడు.

1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి - పళని మార్గంలో రవాణా ప్రారంభించి, దానిని తానే నడిపాడు. యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.) ఈ వ్యాపారం నుండే ఎదిగింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి రూపొందించిన విద్యుత్ మోటారును భారతదేశంలో తయారైన మొదటిదిగా పేర్కొంటారు. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల ఈయన చొరవతో ఏర్పడ్డాయి. ఆ కళాశాలే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది.