ఫెయిలైన సబ్జెక్టే పేరు తెచ్చింది



1906లో అమెరికాలో పుట్టిన హ్యారీ హెస్ యేల్ యూనివర్సిటీలో మినరాలజీ మొదటిసారి ఫెయిలయ్యారు. ఈ రంగంలో భవిష్యత్తు లేదని చెప్పినా చదువు ఆపలేదు. ప్రిన్స్‌టన్‌లో జియాలజీ ప్రొఫెసరయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీ అధికారిగా పసిఫిక్‌లో తిరుగుతూ, శబ్దంతో లోతు కొలిచే యంత్రాన్ని ఆపకుండా నడిపించారు. నీటి అడుగున చదునైన తలలున్న పాత అగ్నిపర్వతాలు బయటపడ్డాయి.

సముద్రం మధ్య ఉన్న పర్వతాల వరుసలో లావా పైకొచ్చి, కొత్త నేలగా గట్టిపడి, రెండువైపులా జరుగుతుందని 1962లో వివరించారు. ఆ నేల బసాల్ట్ రాయి. పాతబస్తీ నుంచి వికారాబాద్ వైపు వెళ్తే కనిపించే నల్లరాయీ బసాల్టే! హెస్ 1969లో కన్నుమూశారు.

ఈసారి యూనిట్ టెస్ట్ మార్కులు తగ్గితే, ఆ సబ్జెక్ట్ నీవల్ల కాదని మాత్రం పిల్లలతో అనకండి.