పలుకుకు బాట వేసిన డేనియల్ జోన్స్

మన హాస్టల్ విద్యార్థుల్లో చాలామందికి ఇంగ్లిష్ చదవడం, రాయడం వచ్చు. లేచి నిలబడి మాట్లాడమంటే మాత్రం గొంతు పెగలదు. తప్పు పలికితే నలుగురూ నవ్వుతారేమోనన్న భయమే దీనికి కారణం. ఇలాంటి మనమంతా తెలుసుకోవలసిన జీవితం డేనియల్ జోన్స్‌ది.

జోన్స్ 1881 సెప్టెంబర్ 12న లండన్‌లో జన్మించారు. తండ్రి న్యాయవాది. జోన్స్ కేంబ్రిడ్జ్‌లో గణితం చదివారు. న్యాయవాద పరీక్షలూ పాసయ్యారు గానీ ఆ వృత్తిలోకి వెళ్ళలేదు. 1900లో జర్మన్ భాష నేర్చుకోవడానికి జర్మనీ వెళ్ళినప్పుడు నోటిలో శబ్దాలు ఎలా పుడతాయో చెప్పే ధ్వనిశాస్త్రం ఆయన మనసును ఆకట్టుకుంది. తర్వాత పారిస్ వెళ్ళి పాల్ పాసీ అనే గురువు వద్ద ఆ శాస్త్రాన్ని అభ్యసించారు. 1907లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో బోధన మొదలుపెట్టి, 1921లో ప్రొఫెసర్ అయ్యారు. 1949లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే పనిచేశారు.

తెలుగులో రాసినట్టే పలుకుతాం. ఇంగ్లిష్‌లో అలా కాదు. అక్షరాలు 26 ఉంటే, జోన్స్ వర్ణించిన ఉచ్చారణలో ధ్వనులు సుమారు 44. అందుకే స్పెల్లింగ్ చూసి పలికితే పొరపాటు జరుగుతుంది. ఈ ఇబ్బంది తీర్చడానికి జోన్స్ 1917లో ఇంగ్లిష్ ఉచ్చారణ నిఘంటువును వెలువరించారు. అందులో అర్థాలు ఉండవు. ఏ మాటను ఎలా పలకాలో, ఏ భాగాన్ని ఒత్తి పలకాలో గుర్తులతో ఉంటుంది. ఆయన తర్వాత కూడా పండితులు దానిని సవరిస్తూ కొత్త ముద్రణలు తెచ్చారు.

మనకు ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. తాను రాసిన ఉచ్చారణే గొప్పదని ఆ నిఘంటువులో జోన్స్ చెప్పలేదు. దక్షిణ ఇంగ్లండ్‌లో పెద్ద బడుల్లో చదువుకున్న కుటుంబాలు ఎలా మాట్లాడతాయో తాను నమోదు చేశానని, అందరూ అలాగే మాట్లాడి తీరాలన్నది తన ఉద్దేశం కాదని స్పష్టం చేశారు.

ఆయనకు అన్ని భాషలూ సమానమే. దక్షిణాఫ్రికాకు చెందిన నల్లజాతి నాయకుడు సాల్ ప్లాట్యేతో కలిసి ఆయన మాతృభాష సెట్స్వానాకు 1916లో ధ్వనిలిపిలో ఒక వాచకం ప్రచురించారు. ఆ రోజుల్లో నల్లవారి భాషలను చిన్నచూపు చూసేవారే ఎక్కువ. జోన్స్ మాత్రం ఆ భాష పలుకుబడిని ప్లాట్యే నోటి నుంచి విని, శ్రద్ధగా నేర్చుకున్నారు. అంత పెద్ద పండితుడు కూడా విని నేర్చుకున్నప్పుడు మనకు సిగ్గెందుకు?

ఆయన చూపిన దారిలో మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, నాలుక, పెదవులు, పళ్ళు ఎలా కదులుతున్నాయో గమనించడం. పడమర దిక్కును తెలిపే మాటనూ, లోపల తొడుక్కునే బనియన్‌ను తెలిపే మాటనూ తెలుగులో వెస్ట్ అనే రాస్తాం. ఇంగ్లిష్‌లో మొదటిదానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి. రెండోదానికి పై పళ్ళు కింది పెదవిని తాకాలి. అద్దం ముందు నిలబడితే తేడా తెలిసిపోతుంది.

రెండోది ఒత్తు. ఫొటోగ్రాఫ్ అన్నప్పుడు మొదటి భాగాన్ని ఒత్తి పలకాలి. ఫొటోగ్రఫీలో రెండో భాగాన్ని, ఫొటోగ్రాఫిక్‌లో మూడో భాగాన్ని ఒత్తాలి. ఒత్తు తప్పితే మాట తెలిసినదే అయినా వినేవారికి అర్థం కాకపోవచ్చు.

మూడోది, మాట చివర అచ్చు చేర్చకుండా పలకడం. బుక్కు, బస్సు అనడం తెలుగులో సహజమే, తప్పు కాదు. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు మాత్రం ఆ ఉకారాన్ని వదిలేయాలి. రోజుకు ఐదు మాటలు నిఘంటువులో చూసి, పైకి పలికి, స్నేహితునికి వినిపిస్తే చాలు.

జోన్స్ 1967 డిసెంబర్ 4న కన్నుమూశారు. ఉచ్చారణ పుట్టుకతో వచ్చే వరం కాదనీ, శ్రద్ధగా విని, సాధన చేస్తే ఎవరికైనా పట్టుబడే విద్య అనీ ఆయన కృషి మనకు చెబుతోంది. మిత్రులారా! మనం దొరల యాసను అరువు తెచ్చుకోనక్కరలేదు. మన మాట ఎదుటివారికి స్పష్టంగా అర్థమైతే చాలు. ఒకరు తప్పు పలికితే నవ్వకుండా సరిదిద్దుకుందాం. అప్పుడు మన హాస్టల్‌లో నోరు విప్పడానికి భయపడేవారు ఎవరూ ఉండరు.