రేఖలో దాగిన రహస్యం

గణితంలో ప్రమేయానికి గ్రాఫు గీయడం విద్యార్థులకు పరిచితమైన పనే. అయితే గీసిన రేఖను చదవడం వేరొక విద్య. రేఖ ఎక్కడ మొదలైంది, ఎంత వేగంగా పైకి లేచింది, ఎక్కడ నిలకడ చెందింది అని పరిశీలిస్తే దాని అంతరార్థం బోధపడుతుంది. అటువంటి సూక్ష్మదృష్టితో గొప్ప సత్యాన్ని వెలికితీసిన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవసారి ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురైనందున ఎం.బి.బి.ఎస్. దక్కక, ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరులిద్దరు స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధికి బలికావడం ఆయనను కలచివేసింది. 1923లో అమెరికా చేరి, ఆసుపత్రిలో చిన్న కొలువు చేస్తూ హార్వర్డులో ఉష్ణమండల వైద్యం అభ్యసించారు. అనంతరం సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధనలు సాగించారు.

1925లో వారిద్దరూ ఫాస్ఫరస్‌ను కొలిచే సులభ పద్ధతిని ప్రకటించారు. ఈ పద్ధతిలో ద్రావణం నీలివర్ణం పొందుతుంది. ఫాస్ఫేటు ఎంత అధికమైతే రంగు అంత గాఢమవుతుంది. శుద్ధమైన ఫాస్ఫేటు ద్రావణంలో రంగు త్వరగా నిండుతుంది. కండరం నుండి తీసిన ద్రావణంలో మాత్రం మొదట పలుచగా ఉండి, క్రమక్రమంగా చిక్కబడింది.

కాలాన్ని అడ్డంగా, రంగు గాఢతను నిలువుగా గుర్తించి గీస్తే ఈ భేదం విశదమవుతుంది. మొదటి రేఖ నిటారుగా లేచి త్వరలోనే సమతలమవుతుంది. రెండవది కొంత ఎత్తుకు లేచి, అక్కడినుండి నెమ్మదిగా ఎక్కి, చివరకు సమతలమవుతుంది. ఆ తొలి ఎత్తు కండరంలో విడిగా ఉన్న ఫాస్ఫేటుకు గుర్తు. తరువాతి మెల్లని ఆరోహణ, మరొక సమ్మేళనం విచ్ఛిన్నమై ఫాస్ఫేటును విడుదల చేస్తున్నదనడానికి సూచన. సమతలం ఆ సమ్మేళనం హరించుకుపోయిందని తెలుపుతుంది. చివరి కొలతనొక్కదానినే గ్రహించినవారికి ఈ రహస్యం అందదు.

ఆ ఆలస్యాన్ని ప్రయోగదోషమని తోసిపుచ్చక, కారణం అన్వేషించినందున 1927లో ఫాస్ఫోక్రియాటిన్ వెలుగుచూసింది. అదే కాలంలో ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడా ఈ పదార్థాన్ని స్వతంత్రంగా గుర్తించారు. కండరం శ్రమించినప్పుడు ఇది తరిగి, విశ్రాంతిలో తిరిగి పెరుగుతుంది. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నాటి అభిప్రాయం దీనితో సడలింది. 1929లో జీవకణాల శక్తివాహకమైన ఏ.టి.పి.ని ఫిస్కే, సుబ్బారావులు వెల్లడించారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది దానిని కనుగొన్నారు.

1940లో సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నాయకత్వంలో అక్కడ ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి అది ఔషధమైంది. క్యాన్సర్ చికిత్సలో నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేటు కూడా ఆ పరిశోధనల ఫలమే. నోబెల్ బహుమతి పొందకుండానే, 1948 ఆగస్టులో, తన 53 ఏళ్ల వయసులో ఆయన అమెరికాలోనే కన్నుమూశారు.

అనుకున్న తీరున సాగని రేఖను చెరిపివేయడం సులభం. అది అలా ఎందుకు సాగిందని ప్రశ్నించడమే శాస్త్రజ్ఞుని లక్షణం. సుబ్బారావు జీవితం విద్యార్థులకు బోధించే పాఠం ఇదే.