రైలు ఆగింది... కథ కదిలింది!

ఒకే రచయిత్రి ఆరేళ్ల తేడాతో రైలు మీద రెండు సస్పెన్స్ నవలలు రాసింది. మొదటిదంటే ఆవిడకే బతికున్నంత కాలం గిట్టలేదు. రెండోదాన్ని ప్రపంచమంతా ఇప్పటికీ చదువుతోంది. రెంటిలోనూ ఖరీదైన రైలే, రాత్రి ప్రయాణమే, మూసిన తలుపు వెనక ఒక శవమే. డిటెక్టివ్ కూడా ఒకడే, మీసాల మీద మహా ప్రేమ ఉన్న హెర్క్యూల్ పోయిరో. మరి ఒకటి నిలబడి, ఇంకొకటి తేలిపోవడమేమిటి? ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు సగం జవాబే దొరికింది. మిగతా సగం ఆ రచయిత్రి జీవితంలో దొరికింది. ఆవిడే అగాథా క్రిస్టీ.

ఇంగ్లండులో సముద్రపు ఒడ్డున టార్కీ అనే ఊళ్లో 1890 సెప్టెంబరు 15న పుట్టింది. ఇంట్లోనే చదువు. పదకొండేళ్లకే తండ్రి పోయాడు. అప్పట్నించీ అమ్మే లోకం. 1914 క్రిస్మస్ ముందు రోజున ఆర్చీ క్రిస్టీ అనే సైనికాధికారిని పెళ్లి చేసుకుంది. అప్పటికే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. భర్త యుద్ధానికి వెళితే, ఆమె ఊళ్లోని ఆస్పత్రిలో నర్సుగా చేరింది. తర్వాత మందులు కలిపి ఇచ్చే విభాగంలోకి మారింది. ఏ సీసాలో ఏ విషం ఉందో, ఎంత మోతాదైతే మందు, ఎంతైతే మృత్యువో అక్కడే నేర్చుకుంది. డిటెక్టివ్ నవల రాయడం నీ వల్ల కాదని అక్క పందెం కాసేసరికి పంతం పట్టి రాసింది. కొందరు ప్రచురణకర్తలు తిప్పి పంపాక 1920లో అది పుస్తకంగా వచ్చింది. ఆమె చేతికొచ్చింది ఇరవై అయిదు పౌన్లు! 1926 నాటికి మాత్రం పేరూ వచ్చింది, కారూ వచ్చింది. ఏడేళ్ల కూతురు రోజలిండ్, చక్కటి ఇల్లు. చూసేవాళ్లకు అంతా బాగానే ఉంది.

అన్నీ ఒక్కసారే

ఆ ఏడాది వసంతంలో అమ్మ పోయింది. పుట్టింట్లో అమ్మ సామాన్లు సర్దుతూ, అన్నం సయించక, నిద్ర పట్టక నలిగిపోతున్న సమయంలో భర్త వచ్చి, తను ఇంకో అమ్మాయిని ప్రేమించానని, విడాకులు కావాలని చెప్పాడు. డిసెంబరు 3 రాత్రి ఆమె కారు తీసుకుని ఇంట్లోంచి వెళ్లిపోయింది. మర్నాడు కారు దొరికింది గానీ మనిషి దొరకలేదు. పోలీసులు వెతికారు, ఊళ్లకు ఊళ్లు వెతికాయి. పదకొండు రోజుల తర్వాత ఎక్కడో ఉత్తరాన హారోగేట్‌లోని ఒక హోటల్లో కనిపించింది. అక్కడి రిజిస్టర్లో రాసుకున్న ఇంటిపేరు ఎవరిదో తెలుసా? భర్త మనసుపడ్డ ఆ అమ్మాయిది!

పత్రికలు ఊరుకుంటాయా? పుస్తకాల ప్రచారం కోసం ఆడిన నాటకమన్నాయి, మొగుడి మీద కసి తీర్చుకుందన్నాయి. ఆమెకు ఏమీ గుర్తు లేదని ఇంటివాళ్లూ డాక్టర్లూ చెప్పినా నమ్మినవాళ్లు తక్కువ. తర్వాత ఎప్పుడో రాసుకున్న ఆత్మకథలో కూడా ఆ పదకొండు రోజుల గురించి ఒక్క ముక్క రాయలేదావిడ.

కడుపు కోసం రాసిన రైలు

1927 ఆరంభంలో కూతుర్నీ, సెక్రటరీనీ వెంటబెట్టుకుని కెనరీ దీవులకు వెళ్లింది. అది విహారం కాదు. చేతిలో డబ్బు అడుగంటింది, నవల పూర్తి చేస్తే గానీ గడవదు. ఆమె చెబుతుంటే సెక్రటరీ రాసుకునేది. పక్కన రోజలిండ్ నిలబడి మధ్యమధ్యలో పిలుస్తూ ఉండేది. పిల్లలున్న ఇంట్లో ఏ పనైనా ఎలా సాగుతుందో మనకు వేరే చెప్పాలా! రాయాలని లేదు, కథ మీద ఉత్సాహం లేదు, పాత్రల్లో ప్రాణం కనిపించడం లేదు. అయినా రాసింది. సరదాకి రాసే మనిషి బతుకుతెరువుగా రాసే మనిషిగా మారింది అప్పుడేనని తర్వాత తనే చెప్పుకుంది.

ఆ పుస్తకమే 1928లో వచ్చిన 'ది మిస్టరీ ఆఫ్ ది బ్లూ ట్రైన్'. కొత్త ఊహ కూడా కాదు. అంతకుముందు తను రాసిన 'ప్లిమత్ ఎక్స్‌ప్రెస్' అనే చిన్న కథనే సాగదీసింది. అమెరికా కోటీశ్వరుడి కూతురు పేరుమోసిన కెంపులు వెంటపెట్టుకుని ఫ్రాన్స్ దక్షిణ తీరానికి వెళ్లే బ్లూ ట్రైన్ ఎక్కుతుంది. తెల్లారేసరికి పెట్టెలో శవమై ఉంటుంది. కెంపులు మాయం. ఆరంభం బ్రహ్మాండం! కానీ రైలు నీస్ చేరగానే అందరూ దిగిపోతారు. తర్వాత కథంతా విల్లాల్లో, హోటళ్లలో, తోటల్లో నడుస్తుంది. పోయిరో చివర్లో మళ్లీ అదే రైలెక్కినా, పోయిన బిగువు తిరిగి రాదు.

నాకు తోచిన మొదటి కారణం ఇదీ. ఆ రైలు దారిలో ఆగుతుంది, పారిస్ చుట్టూ తిరిగి ఇంకో స్టేషన్‌కి వెళుతుంది. ఎవరైనా ఎక్కొచ్చు, ఎవరైనా దిగొచ్చు. హంతకుడు బయటివాడూ కావచ్చు, లోపలివాడూ కావచ్చు. అనుమానానికి గోడలు లేకపోతే భయం నిలవదు, కారిపోతుంది. రెండోది, అక్కడ రైలు చేసే పని ఏమీ లేదు. ఆ హత్య ఏ హోటల్ గదిలో జరిగినా కథ దాదాపు అలాగే నడిచేది. రైలు గోడకు తగిలించిన బొమ్మలా ఉందన్నమాట.

అయితే ఒక్క సంగతి నన్ను ఆపింది. అందులో చనిపోయే అమ్మాయి సంసారమూ విడాకుల అంచునే ఉంది. ఇంకొకామె, ముప్ఫై దాటిన క్యాథరీన్, ఏళ్ల తరబడి ఒక ముసలావిడకి సేవ చేసి, కలిసొచ్చిన డబ్బుతో మొదటిసారి లోకం చూడ్డానికి ఒంటరిగా అదే రైలెక్కుతుంది. రాసే ఆవిడ మనసు ఎక్కడుందో అక్కడ తెలుస్తుంది. పుస్తకం బాగానే అమ్ముడుపోయింది. ఆవిడకి మాత్రం దాని పేరు చెబితేనే విసుగు.

టిక్కెట్టు మార్చుకున్న మనిషి

1928లో విడాకులు వచ్చేశాయి. ఆ శరత్కాలంలో వెస్టిండీస్ వెళదామని టిక్కెట్లు కొనుక్కుంది. ప్రయాణం ఇంకో రెండు రోజులుందనగా ఒక విందులో బాగ్దాద్ నుంచి వచ్చిన దంపతులు కలిశారు. బాగ్దాద్ అంటే ఓడలోనే వెళ్లాలి కాబోలనుకుంటే, కాదు, ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైల్లో కూడా వెళ్లొచ్చని వాళ్లు చెప్పారు. మర్నాడు పొద్దున్నే వెళ్లి టిక్కెట్లు మార్పించేసుకుంది! ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, తోడు లేకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా. కూతురు అప్పటికి హాస్టల్లో చదువుకుంటోంది.

కలే నుంచి ఇటలీ, యుగోస్లావియా, బల్గేరియా మీదుగా ఇస్తాంబుల్. అక్కడ జలసంధి దాటి ఇంకో రైల్లో సిరియా. డమాస్కస్ నుంచి ఎడారిలో బస్సు. బాగ్దాద్ నుంచి ఊర్ తవ్వకాలకు వెళితే అక్కడ పురావస్తు శాస్త్రజ్ఞుడు వూలీ భార్య ఈమె నవలలకు వీరాభిమాని! ఆదరించి, మళ్లీ రమ్మంది. 1930లో మళ్లీ వెళ్లినప్పుడు మాక్స్ మాలొవాన్ పరిచయమయ్యాడు. ఆమెకన్నా దాదాపు పధ్నాలుగేళ్లు చిన్న.

తిరుగు ప్రయాణంలో ఏథెన్స్ చేరేసరికి రోజలిండ్‌కి జబ్బుగా ఉందని టెలిగ్రాములు! కంగారులో వీధిలో కాలు మడత పడింది. నేను తోడొస్తానని మాక్స్ కూడా రైలెక్కాడు. మిలాన్ స్టేషన్లో నారింజపళ్లు కొందామని ఇద్దరూ దిగితే, వీళ్లు వచ్చేలోపు రైలు వెళ్లిపోయింది! కారు కుదుర్చుకుని, కొండదారుల్లో రైలు వెంటపడి డొమొడొస్సోలాలో దాన్ని పట్టుకున్నారు. ఉన్న డబ్బంతా కారుకే అయిపోయింది. ఇల్లు చేరేసరికి పిల్ల కోలుకుంటోంది. ఆ సెప్టెంబరులోనే పెళ్లి.

అంటే రైలు వేళ తప్పితే గుండె ఎలా కొట్టుకుంటుందో ఇప్పుడావిడకి స్వయంగా తెలుసు. రైలు ఆగిపోతే ఏమవుతుందో 1931 డిసెంబరులో తెలిసింది. ఇరాక్‌లో తవ్వకాల దగ్గర భర్తను విడిచి ఒంటరిగా వస్తుంటే భారీ వర్షాలకు పట్టాలు దెబ్బతిని ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ నిలిచిపోయింది. చలి, తిండికి ఇబ్బంది, ఎప్పుడు కదులుతుందో తెలియదు. అంతవరకూ ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్లు కబుర్లలో పడ్డారు. ఆపకుండా మాట్లాడే అమెరికా పెద్దావిడ, హాస్యమాడే ఇటలీ ఆయన, రైలు కంపెనీ అధికారి... అందర్నీ వర్ణిస్తూ భర్తకి పెద్ద ఉత్తరం రాసింది. 1929లో అదే రైలు టర్కీలో మంచులో కూరుకుపోయి రోజుల తరబడి కదల్లేదన్న వార్తా ఉంది. 1932లో అమెరికాలో విమాన వీరుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డను ఎత్తుకెళ్లి చంపేసిన ఘోరం లోకాన్ని కుదిపేసింది. ఈ మూడూ కలిసి 1934 జనవరిలో 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' అయ్యాయి.

ఈసారి రైలే పని చేసింది

ఈ నవలలో యుగోస్లావియాలో ఒకచోట మంచు దిబ్బ అడ్డుపడి రైలు ఆగిపోతుంది. తెల్లారేసరికి ఒక ప్రయాణికుడు హత్యకు గురై ఉంటాడు. తలుపు లోపలినుంచి గొలుసు వేసి ఉంది. కిటికీ తెరిచే ఉంది గానీ బయట మంచు మీద అడుగుజాడ లేదు. భోజనాల బోగీ వైపు తలుపుకి రాత్రి తాళం. వరండాలాంటి నడవా చివర కండక్టర్ కూర్చునే ఉన్నాడు. ఇంకేం! హంతకుడు ఈ బోగీలోనే మనతో కలిసి టీ తాగుతున్నాడు. బ్లూ ట్రైన్‌లో లేని గోడలు ఇక్కడ కట్టింది ఆ మంచే.

అలాగే పోలీసుల్లేరు, ఫోన్ లేదు, ప్రయోగశాల లేదు. పోయిరో దగ్గరున్నవి పాస్‌పోర్టులు, పెట్టెలు, మనుషులు చెప్పే మాటలు. చలికాలంలో ఖాళీగా ఉండాల్సిన బోగీ నిండిపోవడమే ఒక చిక్కు. రాకుమారి, ఆమె పనిమనిషి, సైనికాధికారి, పిల్లలకు చదువు చెప్పే టీచరమ్మ, కార్లమ్మే వ్యాపారి — ఇంతమంది ఒక కప్పు కింద ఉండే చోటు రైలు తప్ప ఇంకేముంది? పైగా మంచు తవ్వే లోపల నిజం తేలాలి. దారి తెరుచుకుంటే పోలీసులొస్తారు, అందరూ చెదిరిపోతారు. రైలు కదలడమే గడువు. ఇన్ని పనులు రైలే చేస్తోంది. దాన్ని తీసేస్తే కథే లేదు.

హంతకుడెవరో చెప్పి ఇంకా చదవని వాళ్ల పాపం మూటగట్టుకోను. ఒక్కటి మాత్రం చెబుతాను. చివర్లో మనం మోసపోయామని అనిపించదు. ఆధారాలన్నీ మన కళ్లముందే పరిచి ఉన్నాయి. పైగా చట్టం వదిలేసిన నేరానికి శిక్ష ఏమిటన్న బరువైన ప్రశ్న పుస్తకం మూసినా వదలదు. చాలా రైలు థ్రిల్లర్లు నీరుగారేది ఇక్కడే. బోగీ నిండా కేకలుంటాయి, పరుగులుంటాయి, తీరా చూస్తే అంతవరకూ కనబడని ఎవడో చివరి స్టేషన్లో ఎక్కి హంతకుడైపోతాడు.

మంచు పడితేనే మంచి రైలు నవల అని కూడా కాదు. 1957లో రాసిన '4.50 ఫ్రమ్ పాడింగ్టన్'లో రైలు కాసేపే కనిపిస్తుంది. క్రిస్మస్ సామాన్లు కొనుక్కుని అలసిపోయిన ఒక పెద్దావిడ రైల్లో వెళుతుంటుంది. పక్క పట్టాల మీద ఇంకో రైలు సమానంగా వస్తుంది. దాని కిటికీ తెర ఠక్కున పైకి లేస్తుంది. లోపల ఒకడు ఒకామె గొంతు నులుముతున్నాడు! చూస్తోంది, అరిచినా వినపడదు, చెయ్యి చాపినా అందదు. అంతలో ఆ రైలు ముందుకెళ్లిపోతుంది. శవం దొరకలేదు గనక పోలీసులు నమ్మరు, ముసలావిడ కలగందనుకుంటారు. నమ్మేది ఒక్క స్నేహితురాలే, మిస్ మార్పుల్. ఆవిడ టైమ్ టేబులూ, మ్యాపూ ముందేసుకుని అదే రైల్లో పదే పదే తిరిగి శవం ఎక్కడుండాలో లెక్కగడుతుంది. నన్ను అడిగితే అక్కడి ఉత్కంఠ హత్యలో లేదు, ఒక ఆడమనిషి మాట నమ్ముతారా లేదా అన్నదాంట్లో ఉంది. 1926లో తన మాట ఎవరూ నమ్మని రోజులు చూసిన మనిషి రాసిందని తెలిస్తే ఆ పేజీలు ఇంకో రకంగా చదువుకుంటాం.

1974లో ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ సినిమాగా వస్తే, ఎనభై నాలుగేళ్ల వయసులో లండన్లో మొదటి ప్రదర్శనకు వెళ్లింది. సినిమా నచ్చింది, పోయిరో మీసాలే తను అనుకున్నంత ఘనంగా లేవని వెలితి! 1976 జనవరి 12న కన్నుమూసింది. మరుసటేడే పారిస్ - ఇస్తాంబుల్ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ కూడా ఆగిపోయింది.

ఇకమీదట రైలు మీద సస్పెన్స్ నవల చేతికొచ్చినా, సినిమా చూసినా ఓ చిన్న పరీక్ష పెట్టి చూడండి. ఆ కథను రైల్లోంచి దింపి ఓ బంగళాలో పెట్టండి. ఏ ఇబ్బందీ లేకుండా సాగిపోతోందా? అయితే మీరు టిక్కెట్టు డబ్బులు దండగ చేసుకున్నట్టే! సాగడం లేదా? ఇంకేం, వంట ముందే ముగించుకుని కూర్చోండి. మధ్యలో లేవబుద్ధి కాదు.