కందుకూరి వీరేశలింగము పంతులుగారు: కంటికి కానరాని వ్యాధి

ఆంధ్రదేశమున కందుకూరి వీరేశలింగము పంతులుగారి పేరు వినని విద్యార్థి యుండడు. వితంతు వివాహములు జరిపించిన సంస్కర్తగను, రాజశేఖర చరిత్రమును రచించిన గ్రంథకర్తగను మనమందఱ మాయనను ఎఱుగుదుము. పటములలోని ఆ గంభీరమైన ముఖమును చూచి, ఆయన జీవితమంతయు దగ్గుతోను, ఉబ్బసముతోను బాధపడిన రోగియని ఎవ్వరును ఊహింపజాలరు. చాలమంది యెఱుగని యీ సంగతినే మే మిందు ముఖ్యముగా చెప్పదలచితిమి.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున సుబ్బరాయుడుగారికిని, పున్నమ్మగారికిని జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి మరణింపగా, పెదతండ్రిగారి యింట పెరిగిరి. చిన్ననాడే దగ్గు వారిని పట్టుకొనెను. అది క్రమముగా ఉబ్బసముగా పరిణమించి, కడవఱకు వారిని విడువలేదు.

ఉబ్బసమున ఊపిరిగొట్టములు వాచి, బిగిసికొని, కఫముతో మూసికొనిపోవును. లోనికి పోయిన గాలి వెలుపలికి వచ్చుట కష్టమగును. తఱచుగా ఈ బాధ రాత్రివేళ హెచ్చును. రోగి పండుకొనలేక కూర్చుండియే తెల్లవాఱు వఱకు వేగవలసివచ్చును. ఉదయమున బాధ తగ్గి, అతడు బయటికి వచ్చినపుడు చూచువారికి వింత యేమియు కానరాదు. నేడు పీల్చు మందులు గలవు. పంతులుగారి కాలమున నేటివంటి సాధనములు లేవు.

ఇట్టి దేహముతో వారు చేసిన పనులను చూడుడు. 1874వ సంవత్సరమున ధవళేశ్వరమున బాలికాపాఠశాలను నెలకొల్పిరి. ఆ యేటనే వివేకవర్ధని యను పత్రికను ప్రారంభించి, లంచములను, దురాచారములను నిర్భయముగా ఖండించిరి. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిరి. 1899వ సంవత్సరమున మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఆంధ్రపండితులుగా చేరిరి. ఈ పనుల నడుమ నూఱు గ్రంథములకు మించి రచించిరి. తమకు ఆరోగ్యము లేకున్నను, ఇతరుల మేలుకొఱకు దేహారోగ్య ధర్మబోధిని యను పుస్తకమును సైతము వ్రాసిరి.

అయినను ఈ కార్యములన్నియు ఆయన ఒంటరిగా చేసినవి కావు. భార్య రాజ్యలక్ష్మమ్మగారు సకల కష్టములందును తోడు నిలిచిరి. మొదటి వివాహ సమయమున బహిష్కారమునకు వెఱచి వంటవారును, నీళ్లు తెచ్చువారును పని మానగా, ఆ యిల్లాలు స్వయముగా గోదావరినుండి నీళ్లు మోసి, వంట చేసి పెట్టిరి. పంతులుగారు తమ వ్యాధిని దాచుకొనను లేదు. స్వీయచరిత్రమున తమ అనారోగ్యమును తామే విశదముగా వ్రాసికొనిరి. చెప్పుకొనుటయు, తోడుపొందుటయు వారి ధైర్యమునకు లోటు కాలేదు.

1906వ సంవత్సరమున హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యాస్తిని దానికే యొసగిరి. 1910వ సంవత్సరమున రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. తరువాత తొమ్మిదేండ్లు పంతులుగారు పని మానలేదు. 1919వ సంవత్సరము మే 27వ తేదీన మదరాసున, ఆంధ్రకవుల చరిత్రమును సంస్కరించు పనిలో నుండగనే, 71 ఏండ్లు నిండినవారై కన్నుమూసిరి.

ఈ చరిత్రమును చదివి కొందఱు, అంతటి రోగి అన్ని పనులు చేయగా నీకేమి వచ్చినదని రోగులను గద్దింప వచ్చును. అది మిక్కిలి తప్పు. ఒకని ధైర్యము వేఱొకని వీపునకు కొరడా కారాదు. రోగి మాటను నమ్మి, తోడుండినచో అతని శక్తి వృథాపోదనుటయే మనము గ్రహింపవలసిన నీతి.

మన గూడూరు ప్రాంతము అభ్రకపు గనులకు ప్రసిద్ధి. గనులలో రాయి తొలుచునపుడు లేచు సన్నని దుమ్మును ఏండ్లతరబడి పీల్చినవారికి ఊపిరితిత్తులు గట్టిపడునని వైద్యులు చెప్పుదురు. అట్టివాడు వీథిలో నిలిచియున్నపుడు అందఱివలెనే యుండును. నాలుగు మెట్లెక్కునపుడు గాని అతని బాధ తెలియదు. మన తరగతులలోను ఇట్టివారు గలరు. ఒకనికి వినికిడి తక్కువ. ఒకనికి అక్షరములు కుదురుగా కనబడక చదువు సాగదు. ఒకనికి మూర్ఛ వచ్చును. ఒకని మనస్సు దిగులుతో క్రుంగియుండును. వీరిని సోమరులనియు, మొద్దులనియు, నటించుచున్నారనియు అనుట మనకు ఎంత సులభము!

2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. వానిలో చదువుటలోని ప్రత్యేకమైన కష్టము, మనోవ్యాధి, రక్తసంబంధమైన వ్యాధులు మొదలగు కంటికి కానరానివి పెక్కులు గలవు. ఉబ్బస మా పట్టికలో లేదు. కాని ప్రక్క బల్లపై కూర్చున్నవానిని ఆదరించుటకు చట్టముతో పనిలేదు.

కావున విద్యార్థులారా, ఆటస్థలమున ఆయాసపడి కూర్చున్నవానిని పరిహసింపకుడు. నీకేమి కావలయునని యడుగుడు. అతడు చెప్పినది నమ్ముడు. బాధపడువారలారా, మీరును సిగ్గుపడి దాచుకొనక, ఉపాధ్యాయులతోను తల్లిదండ్రులతోను చెప్పుడు. వీరేశలింగము పంతులుగారు దేశమంతయు చదువునట్లు వ్రాసికొన్న సంగతిని మీరు ఒక్కరితో చెప్పుకొనుటకు వెనుదీయనేల?